షెఫీల్డ్‌లో పాత ఇంటి పుట్టుపూర్వోత్తరాలు వెతకడం: నా అనుభవం

వాక్లీ అనే పేట షెఫీల్డ్ నడిబొడ్డుకు వాయవ్యంగా కొండ మీద ఉంటుంది. మేముండేది అక్కడి వరుస ఇళ్లలో ఒకటి. వీధిలోకే తెరుచుకునే తలుపు, రెండిళ్ల మధ్య పెరట్లోకి పోయే ఇరుకు సందు, కింద ఒకప్పుడు బొగ్గు పోసుకున్న నేలమాళిగ, పెరటి చివర ఇప్పుడు సామాన్లు పెట్టుకునే పాత మరుగుదొడ్డి గది. 2024 జనవరిలో ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరెవరు బతికారో వెతకడం మొదలైంది. పోగైన కాగితాలూ రికార్డింగులూ ఆర్కైవ్స్‌కు అప్పజెప్పేసరికి నవంబరు వచ్చింది. ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, ఎక్కడ దారి తప్పుతాం అన్నది జరిగిన వరుసలోనే రాస్తున్నాను. షెఫీల్డ్‌లోనో ఇంగ్లండ్‌లో ఇంకో ఊళ్లోనో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు పనికొస్తుంది.

ఈ పని ఎలా చేయాలని అడిగితే అందరూ మొదట జనాభా లెక్కలు చూడమంటారు. నేను మాత్రం ముందు మనుషుల దగ్గరికి వెళ్లమంటాను. కాగితం వచ్చే ఏడాదికీ అదే బీరువాలో ఉంటుంది, తొంభై ఏళ్ల మనిషి విషయంలో ఆ భరోసా లేదు. అయితే వట్టి చేతులతో వెళ్తే లాభం లేదు. పాత పటం ఒకటి చేతిలో ఉండాలి.

పటం ఉచితంగానే దొరుకుతుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ అని పేరే గానీ వాళ్ల వెబ్‌సైటులో ఇంగ్లండ్ పటాలూ ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసినవాటిలో మైలుకు 25 అంగుళాల కొలత పటమే తీసుకోవాలి. మైలుకు 6 అంగుళాల పటంలో వీధి కనిపిస్తుంది గానీ ఇల్లు కనిపించదు. 25 అంగుళాల పటంలో ఒక్కో ఇల్లు, పెరటి గోడ, సందు, పెరట్లో చిన్న చిన్న చతురస్రాలుగా మరుగుదొడ్లు, మూలన ఉన్న పబ్బు, చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) అన్నీ విడివిడిగా ఉంటాయి. మాకు 1890ల పటం ఒకటి, 1930ల దాకా వచ్చిన తర్వాతి కూర్పులు కొన్ని దొరికాయి. తెరను రెండుగా చేసి, ఒకపక్క పాత పటం, ఇంకోపక్క నేటి ఉపగ్రహ చిత్రం చూపే సదుపాయం కూడా అక్కడే ఉంది. ప్రింటు తీసేముందు బాగా జూమ్ చేసి ముక్కలుగా తీసుకుని, తర్వాత అతికించాలి. ఒకేసారి తీస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఏ3 కంటే చిన్న కాగితం వద్దు. ఇప్పటికీ నిలిచి ఉన్నవి, అంటే 1905లో అమెరికా ధనికుడు ఆండ్రూ కార్నెగీ డబ్బుతో కట్టిన వాక్లీ గ్రంథాలయం లాంటివి, ఎర్ర పెన్నుతో చుట్టండి. పెద్దవాళ్ల చూపు ముందు తెలిసిన చోట ఆగి, అక్కడి నుంచి కదులుతుంది.

ఫిబ్రవరిలో పక్క వీధి పెద్దావిడ దగ్గర రికార్డింగు మొదలైంది. ఆవిడ 1930లలో ఇదే పేటలో పుట్టారు. "మీ చిన్నప్పుడు ఇక్కడ ఎలా ఉండేది?" అని అడిగితే వచ్చే జవాబు ఊరూరా ఒకటే: రోజులు బాగుండేవి, తలుపులకు తాళాలు వేసేవాళ్లం కాదు. ఆవిడా అదే అన్నారు. పటం పరిచి, "ఈ మూల ఏముండేది?" అని వేలు పెట్టగానే మాట మారిపోయింది. ఆ మూల ట్రైప్, అంటే బోటి, అమ్మే కొట్టు. దాని పక్కన రొట్టెల కొట్టు. దాటితే చాపెల్. చాపెల్ పక్క సందులో రెండిళ్లకు కలిపి ఒక మరుగుదొడ్డి, లోపల మేకుకు గుచ్చిన వార్తాపత్రిక ముక్కలు, చలికాలంలో గొట్టం గడ్డకట్టకుండా రాత్రంతా వెలిగే చిన్న కిరోసిన్ దీపం. సోమవారం బట్టలుతికే రోజు, ఆ రోజు సందంతా తాళ్లు కట్టేసేవాళ్లట, బొగ్గు బండివాడు వస్తే ఆడవాళ్లందరూ కలిసి తిట్టేవాళ్లట. ఇంటి ముందు మెట్టును రాతితో రుద్ది తెల్లగా మెరిపించకపోతే వీధిలో పరువు పోయినట్టే.

వాళ్లమ్మ బఫర్ గర్ల్. కర్మాగారంలో చెంచాలకూ ఫోర్కులకూ ఇసుక, నూనె కలిపిన ముద్దతో మెరుగు పెట్టే ఆడవాళ్లను షెఫీల్డ్‌లో అలా అంటారు. తలకు ఎర్ర గుడ్డ, నడుముకు దళసరి గోధుమరంగు కాగితం చుట్టుకుని, పైన వార్తాపత్రికలు కట్టుకుని పనిచేసేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మొహం నల్లగా, కంటి గుంటలు మాత్రమే తెల్లగా ఉండేవని ఆవిడ చెప్పారు. ఈ మాట మున్ముందు కాగితాల దగ్గర మళ్లీ అవసరపడింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

రికార్డింగు గురించి నాలుగు ముక్కలు. ఫోను చాలు, కానీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, ఫైలు వేవ్ (WAV) ఫార్మాట్‌లో దాచాలి. వంటింట్లో కూర్చోవద్దు. ఫ్రిజ్ రొద మన చెవికి తెలియదు గానీ రికార్డింగులో అదే వినిపిస్తుంది. గోడ గడియారం ఉంటే అడిగి పక్క గదిలో పెట్టించండి. గంట దాటితే పెద్దవాళ్లు అలసిపోయి, చెప్పిందే చెప్పడం మొదలవుతుంది. చట్టం ప్రకారం మాటల మీద హక్కు మాట్లాడినవాళ్లది, రికార్డింగు మీద హక్కు చేసినవాళ్లది. కాబట్టి ఇది ఎక్కడ దాస్తాం, ఎవరు వింటారు అని రాసి ఉన్న ఒప్పంద పత్రం మీద ముందే సంతకం తీసుకోవాలి. నమూనా పత్రం ఓరల్ హిస్టరీ సొసైటీ వెబ్‌సైటులో ఉంది. సంతకం లేని రికార్డింగును ఆర్కైవ్స్ తీసుకోవడం కష్టం. ఇక రాతలోకి దించడానికి గంట రికార్డింగుకు ఐదారు గంటలు పడుతుంది. షెఫీల్డ్ పెద్దల యాసకు ఇంకా ఎక్కువే పట్టింది. సాఫ్ట్‌వేర్ ఆ యాసను ప్రామాణిక ఇంగ్లిషుగా దిద్దేస్తుంది, ఆ దిద్దుబాటుతో సగం మాటలు పోతాయి. చేత్తోనే రాసుకోవడం మేలు.

మనుషుల జ్ఞాపకం వీధుల విషయంలో గట్టిది, తేదీల విషయంలో బలహీనం. 1940 డిసెంబరులో షెఫీల్డ్ మీద రెండు రాత్రులు బాంబులు పడ్డాయి. 12వ తేదీ గురువారం రాత్రి దాడి నగర కేంద్రం మీదా, చుట్టూ ఉన్న నివాస పేటల మీదా జరిగింది. 15వ తేదీ ఆదివారం రాత్రి దాడి తూర్పున కర్మాగారాల వైపు సాగింది. రెండూ కలిపి 660 మందికి పైగా చనిపోయారు. ఫిట్జాలన్ స్క్వేర్‌లో మార్పుల్స్ అనే హోటల్ నేలమాళిగలో తలదాచుకున్నవాళ్లలో దాదాపు 70 మంది ఒక్క బాంబుకే పోయారు. పెద్దావిడ తమ వైపు బాంబు పడింది ఆదివారమని చెప్పారు. ఆవిడ చూపించిన చోటు చూస్తే అది గురువారం రాత్రే అయి ఉండాలి. తేల్చుకోవడానికి దారి ఉంది: కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల పౌర మృతుల జాబితాలో పేరుతోపాటు ఇంటి చిరునామా, చనిపోయిన చోటు, తేదీ ఉంటాయి, ఉచితంగా చూడొచ్చు. ఆ వీధి పేరుతో చూస్తే తేదీ 12 అని తేలింది. ఆవిడ మాటను దిద్దలేదు. రాతప్రతిలో ఆవిడ అన్నది అన్నట్టే ఉంచి, కింద గమనికగా తేదీ రాశాం. ఎవరైనా అలాగే చేయాలని నా గట్టి అభిప్రాయం. పిల్ల వయసులో ఆ రాత్రి ఆవిడకు ఆదివారంలా ఎందుకు మిగిలిందో మనకు తెలియదు, దాన్ని చెరిపేసే హక్కూ మనకు లేదు.

మార్చిలో కాగితాల పని మొదలైంది. మొదట ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టరు, అంటే ఇల్లు ఎవరి పేరున ఉందో చెప్పే పత్రం, ప్రతి తెప్పించాం. 2024లో ఆన్‌లైన్‌లో 3 పౌండ్లే ఉండేది, ఆ ఏడాది డిసెంబరు నుంచి 7 పౌండ్లు చేశారు. డబ్బు కట్టగానే పీడీఎఫ్ వస్తుంది. జాగ్రత్త: సెర్చ్‌లో పైన కనిపించేవి చాలావరకు దళారీ వెబ్‌సైట్లు, ఇదే కాగితానికి ఎన్నో రెట్లు వసూలు చేస్తాయి. చిరునామా చివర గవ్.యూకే అని ఉన్నదే అసలుది. రిజిస్టరు చేతికొచ్చాక యజమాని పేరు చూసి ఆగిపోకండి. చివరి భాగంలో, అప్పులూ షరతులూ ఉండే చోట, పాత దస్తావేజుల ప్రస్తావన ఉంటుంది. మాదాంట్లో 1870ల నాటి ఒక అమ్మకపు పత్రంలో షరతులున్నాయనీ, దాని ప్రతి ఫైలులో ఉందనీ ఉంది. ఆ మాట ఉంటే ఓసీ2 అనే ఫారం నింపి ఆ పాత పత్రం నకలు తెప్పించుకోవచ్చు. పోస్టులో అప్పటికి 7 పౌండ్లు. వారం పైన పట్టింది.

ఆ నకలు చదివాక వాక్లీ ఎందుకిలా ఉందో అర్థమైంది. 19వ శతాబ్దం మధ్యలో ఇక్కడ ఫ్రీహోల్డ్ ల్యాండ్ సొసైటీలు నడిచాయి. పనివాళ్లు నెల నెలా చందా వేసుకుని, ఒక పొలం మొత్తంగా కొని, ప్లాట్లు చేసి పంచుకునేవాళ్లు. మన దగ్గర హౌసింగ్ సొసైటీ లేఅవుట్ వేసినట్టే. ఇల్లు ఇంత విలువకు తగ్గకూడదు, ముందు గోడ ఈ గీత దాటకూడదు, సారా దుకాణం పెట్టకూడదు అని షరతులు. అందుకే ఒకే వీధిలో ఒక్కో ఇల్లు ఒక్కో తీరు. చవక ఇళ్లు కట్టి అద్దెకిచ్చే కాంట్రాక్టరు కట్టిన వీధి అయితే మొత్తం ఒకే మూసలో ఉంటుంది.

ల్యాండ్ రిజిస్ట్రీలో పాత పత్రాల ప్రస్తావన లేకపోతే నిరాశపడక్కర్లేదు. యార్క్‌షైర్‌కు మిగతా ఇంగ్లండ్‌లో ఎక్కువ చోట్ల లేని అదృష్టం ఒకటుంది. వెస్ట్ రైడింగ్‌లో, అంటే పాత యార్క్‌షైర్ పశ్చిమ భాగంలో, భూమి దస్తావేజుల సారాంశాలను 1704 నుంచి 1970 దాకా వేక్‌ఫీల్డ్‌లో రిజిస్టరు చేసేవాళ్లు. ఆ పుస్తకాలు ఇప్పుడు వేక్‌ఫీల్డ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్ హిస్టరీ సెంటర్‌లో ఉన్నాయి. షెఫీల్డ్ ఇప్పుడు సౌత్ యార్క్‌షైర్ అయినా అప్పట్లో వెస్ట్ రైడింగే, కాబట్టి మన కాగితం అక్కడుండే అవకాశం ఎక్కువ. ముందు ఇండెక్సులో అమ్మినవాడి ఇంటిపేరు పట్టుకోవాలి, దాని ఎదురుగా సంపుటం, పేజీ, వరుస సంఖ్య ఉంటాయి. అవి రాసి ఇస్తే పుస్తకం తెస్తారు. కొన్నవాడి పేరుతో వెతికితే రోజంతా పోయినా దొరకదు. సారాంశంలో ధర ఉండకపోవచ్చు, 21 ఏళ్లలోపు కౌళ్లు అసలే ఉండవు. ఇంకొక చిక్కు ఉంది. దక్షిణాన మీర్స్‌బ్రుక్, నార్టన్ వైపు ఇళ్లు 20వ శతాబ్దంలో నగరంలో కలిసేదాకా డెర్బీషైర్ కింద ఉండేవి. వాటి దస్తావేజుల కోసం వేక్‌ఫీల్డ్ వెళ్తే ఛార్జీలు దండగ.

ఏప్రిల్, మే నెలలు జనాభా లెక్కలతో గడిచాయి. చందా కట్టే ముందు దగ్గర్లోని గ్రంథాలయంలో అడగండి, వంశవృక్షాల వెబ్‌సైట్లు అక్కడి కంప్యూటర్లలో ఉచితంగా వాడుకోవచ్చు. మొదటి గుంత ఇక్కడే ఉంది. 1851 నుంచి 1901 దాకా ఉన్న లెక్కల పేజీలో ఎడమ చివర కనిపించే సంఖ్య ఇంటి నంబరు కాదు, ఫారం వరుస సంఖ్య. ఇంటి నంబరు దాని పక్క గడిలో ఉంటుంది, చాలాసార్లు అదీ రాసి ఉండదు. పైగా ఇళ్ల నంబర్లు మధ్యలో మారాయి. 1881లో 14 అయిన ఇల్లు 1911లో 38 కావచ్చు. నిలకడగా ఉండేవి మూలమీది పబ్బు, చాపెల్ మాత్రమే. పబ్బు నుంచి ఎన్నో ఇల్లో పటంలో లెక్కపెట్టి, లెక్కల అధికారి నడిచిన దారిలో అన్నే ఇళ్లు లెక్కపెడితే మన ఇల్లు దొరుకుతుంది. నమ్మకం కుదరడానికి ఇరుగుపొరుగు ఇంటిపేర్లను డైరెక్టరీలతో సరిచూసుకోవాలి. లెస్టర్ విశ్వవిద్యాలయం పాత డైరెక్టరీలను ఉచితంగా పెట్టింది. వాటిలో ఇంటి పెద్ద పేరు, వృత్తి మాత్రమే ఉంటాయి. సందుల లోపలి పేద ఇళ్లను చాలావరకు వదిలేశారు.

1881 లెక్కల్లో మా ఇంట్లో ఉన్నది టేబుల్ కత్తుల అలుగులు సానపట్టే కుటుంబం. సానపట్టేవాళ్లు గుర్రమెక్కినట్టు పలక మీద కూర్చుని తిరిగే రాతి మీదికి వంగి పనిచేసేవాళ్లు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి చాలామంది నడివయసు దాటేవాళ్లు కాదు. ఫోర్కులు పొడి రాతి మీద సానపట్టేవాళ్ల బతుకు ఇంకా చిన్నది. 1911కల్లా ఇంట్లో ఆకురాళ్ల గాట్లు కొట్టేవాళ్లున్నారు. ఆకురాయిని సీసపు దిమ్మ మీద పెట్టి ఉలితో గాట్లు కొడతారు. సీసపు పొడి వేళ్లకంటి, నోటికి చేరి, చేతులు చచ్చుబడేవి. ఈ పని ఆడవాళ్లు ఇళ్ల పెరట్లోనే చేసేవాళ్లు.

1911 ఫారం ఇంటి పెద్ద స్వదస్తూరీతో ఉంటుంది. అందులో పెళ్లయి ఎన్నేళ్లు, పుట్టిన బిడ్డలెందరు, బతికున్నదెందరు, పోయినదెందరు అని గడులున్నాయి. మా ఇంటి ఫారంలో పుట్టింది తొమ్మిది, ఉన్నది నాలుగు. ఇప్పుడు మా పిల్లలు పడుకునే గది కూడా ఆ ఫారంలో ఉన్న గదుల లెక్కలోదే. ఇది చదివాక కొన్నాళ్లు పని ముందుకు సాగలేదు. ఈ గడి చూసేముందు మనసు గట్టి చేసుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను.

1921 లెక్కలు జూన్ 19న తీశారు. ఏప్రిల్‌లో జరగాల్సింది సమ్మెల వల్ల వాయిదా పడింది. 2024 నాటికి ఆన్‌లైన్‌లో అవి ఫైండ్‌మైపాస్ట్ అనే వంశవృక్షాల వెబ్‌సైటు దగ్గర మాత్రమే ఉండేవి. షెఫీల్డ్‌కు ఇంతకంటే విలువైన కాగితం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ కంపెనీలో పని, ఏ కర్మాగారంలో అన్నది మొదటిసారి ఇందులోనే రాయించారు. మా వీధిలో కత్తుల పని తగ్గి, ఉక్కు పని పెరిగింది: విక్కర్స్ వాళ్ల రివర్ డాన్ వర్క్స్, హాడ్‌ఫీల్డ్స్. చాలా పేర్ల పక్కన పనిలేదు అనే మాట. యుద్ధానికి తుపాకులూ గుళ్లూ పోసిన నగరం, యుద్ధం ఆగగానే ఇలా అయింది. హాడ్‌ఫీల్డ్స్ వాళ్ల ఈస్ట్ హెక్లా వర్క్స్ ఉన్న చోటే 1990 సెప్టెంబరులో మెడోహాల్ తెరిచారు. వారాంతాల్లో మన కుటుంబాలు షాపింగుకు వెళ్లేది అక్కడికే.

1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని పూడ్చేది 1939 సెప్టెంబరు 29న ఇంటింటా మనుషుల పేర్లు నమోదు చేసిన రిజిస్టరు. ఓటర్ల జాబితాలతో పూడ్చాలనుకుంటే 1916, 1917 సంవత్సరాలకూ, 1940 నుంచి 1944 దాకానూ అవి లేవు. 1939 రిజిస్టరులో ఆడవాళ్ల ఎదురుగా దాదాపు అందరికీ జీతం లేని ఇంటిపని అనే రాశారు. పెద్దావిడ వాళ్లమ్మ వరుసలోనూ అదే ఉంది. మొహం నల్లగా ఇంటికొచ్చిన బఫర్ గర్ల్ ప్రభుత్వ కాగితంలో లేదు. రికార్డింగు ముందు చేయకపోయి ఉంటే ఆ కాగితాన్నే నిజమనుకుని రాసేసేవాళ్లం. మనుషుల తర్వాతే కాగితం అని ఇంత పట్టుగా చెబుతున్నది ఇందుకే.

వృత్తుల విషయంలో ఇంకో మాట. పక్కింట్లో ఒకాయనకు పాట్ మేకర్ అని ఉంది. అది ఇంటి కుండలు చేసే కుమ్మరి పని కాదు. ఉక్కు కరిగించే మూసలు చేసే పని. మెత్తటి మట్టిని గంటల తరబడి వట్టి పాదాలతో తొక్కేవాళ్లు. చిన్న రాయి తగిలినా కాలికి తెలియాలి, లేకపోతే కొలిమిలో మూస పగిలి ఉక్కంతా పోతుంది. 1740ల ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ ఇక్కడ ఈ మూస ఉక్కు పద్ధతిని తెచ్చాకే షెఫీల్డ్ ఉక్కు పేరు మోగింది. అంతకు చాలా ముందే నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మన కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు తీశారు, దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లు. రెంటి ప్రక్రియ ఒకటి కాదు, మన మూసల్లో దిగే ముద్దలూ చిన్నవి. అయినా నగరానికి నైరుతిన ఉన్న ఆబీడేల్ ఇండస్ట్రియల్ హామ్లెట్‌లో చెక్కుచెదరకుండా మిగిలిన మూసల కొలిమి ముందు నిలబడితే తెలంగాణవాళ్లకు అది పరాయిగా అనిపించదు. మూసలు ఎండబెట్టిన అల్మరాలతో సహా చూడొచ్చు.

మరణ ధ్రువపత్రాలు జూన్‌లో తెప్పించాం. జనన మరణాలు నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత ఇండెక్సు ఆన్‌లైన్‌లో ఉచితం, చనిపోయినవాళ్ల వయసు, పుట్టినవాళ్ల తల్లి పుట్టింటిపేరు కూడా అందులో ఉంటాయి. కాబట్టి ఆర్డరు పెట్టేముందు మన మనిషే అవునో కాదో చాలావరకు తేల్చుకోవచ్చు. అప్పటికి కాగితం ధ్రువపత్రం 12.50 పౌండ్లు, పీడీఎఫ్ 8 పౌండ్లు. 1887 దాకా మరణాలకు డిజిటల్ చిత్రం 3 పౌండ్లకే, ఆ క్షణమే తెరపైకి వస్తుంది. పీడీఎఫ్‌కు నాలుగు పనిదినాలు పట్టింది. చరిత్ర కోసమైతే కాగితం ధ్రువపత్రం కొనడం డబ్బు దండగ, అందులోనూ ఇదే సమాచారం.

మా సానపట్టే కుటుంబం 1864కు ముందు కొండ దిగువన, హిల్స్‌బరో పక్క ఉండేదని పెళ్లి రిజిస్టరు వల్ల తెలిసింది. అదొక పెద్ద ఆధారం. 1864 మార్చి 11 రాత్రి డేల్ డైక్ అనే కొత్త ఆనకట్ట తెగి, లోక్స్‌లీ లోయ గుండా నీళ్లు షెఫీల్డ్ మీద పడ్డాయి. కనీసం 240 మంది చనిపోయారు. నీళ్ల కంపెనీ మీద దాదాపు 7,000 నష్టపరిహారపు దావాలు పడ్డాయి, వాటి రిజిస్టర్లను షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పేరుతో, వీధితో వెతకొచ్చు. పోయిన వస్తువులన్నీ ఒక్కొక్కటిగా ఉంటాయి: పరుపు, పందిపిల్ల, బంగాళాదుంపలు, ఆదివారం కోటు, పనిముట్లు. పేదవాళ్ల ఇంట్లో ఏమేముండేదో 19వ శతాబ్దపు ఏ కాగితమూ ఇంత వివరంగా చెప్పదు. అడిగినదెంత, ఇచ్చినదెంత అన్నదీ పక్కనే ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే కోపం వస్తుంది.

షోరమ్ స్ట్రీట్‌లోని షెఫీల్డ్ ఆర్కైవ్స్‌లో పని వేసవిలో. ముందుగా సీటు బుక్ చేసుకోవాలి, కావలసిన కాగితాల సంఖ్యలు కేటలాగులో చూసి ముందే పంపితే వెళ్లేసరికి తీసి ఉంచుతారు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, చిరునామా రుజువు రెండూ పట్టుకెళ్లండి. పెన్ను నిషేధం, పెన్సిలే. బ్యాగు లాకరులో. సొంత ఫోనుతో ఫొటో తీసుకోవడానికి అనుమతి, రుసుము విడిగా. రేట్ పుస్తకాల్లో, అంటే ఇంటిపన్ను పుస్తకాల్లో, యజమాని పేరు, అద్దెదారు పేరు, పన్ను విలువ ఒకే వరుసలో ఉంటాయి. ఇల్లు చేతులు మారిన ఏడాది వీటిలోనే తెలుస్తుంది. అవి బరువైన సంపుటాలు, రోజుకు రెండుమూడు కంటే తిరగేయలేం. అంతకు ముందు కాలానికి ఫెయిర్‌బ్యాంక్ కుటుంబపు సర్వే పటాలున్నాయి. 18వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం మధ్యదాకా తరాలుగా షెఫీల్డ్ భూములు కొలిచిన కుటుంబం వాళ్లది. మన ఇల్లు కట్టకముందు అది ఏ పొలమో, ఎవరిదో అందులో కనబడుతుంది.

ఫొటోలకు పిక్చర్ షెఫీల్డ్ వెబ్‌సైటు. పాత పేటలు కూలగొట్టే ముందు తీయించిన ఫొటోలు అందులో వేలల్లో ఉన్నాయి. తెరమీద చూడటం ఉచితం, మంచి ప్రింటు కావాలంటే డబ్బు. శీర్షికలను గుడ్డిగా నమ్మొద్దు, కొన్ని చోట్ల వీధి పేరు తప్పు, కొన్ని చోట్ల ఏడాది తప్పు. ట్రాము పట్టాలు కనిపిస్తే 1960 అక్టోబరు 8కి ముందుదని అనుకోవచ్చు, ఆ రోజుతో పాత ట్రాములు ఆగిపోయాయి. అయితే పట్టాలు కొన్ని చోట్ల ఆ తర్వాతా ఉన్నాయి కాబట్టి పైన తీగలు కూడా చూడాలి.

ఈ ఫొటోలతో పెద్దవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లడం ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. ఫొటోకు ఫొటోకు తరం మారిపోతుంది. తొంభై దాటినవాళ్లు పాత మార్కెట్లో బోటి, ఆవు కాళ్లు అమ్మే బల్లల దగ్గర ఆగుతారు. అరవైల వయసువాళ్లు హోల్ ఇన్ ద రోడ్ ఫొటో దగ్గర ఆగుతారు. 1967లో క్యాజిల్ స్క్వేర్ కింద కట్టిన ఆ పాదచారుల సబ్‌వే గోడలో చేపల తొట్టి ఉండేది. ఎవరిని అడిగినా ఆ చేపల మాటే. 1994లో కొత్త ట్రాము కోసం దాన్ని పూడ్చేశారు. ఒకాయన వాళ్ల పిన్ని ఉండేది 1961లో పూర్తయిన పార్క్ హిల్ ఫ్లాట్లలో. కూలగొట్టిన వీధుల పేర్లే ఆ ఫ్లాట్ల వరండాలకు పెట్టారు, పాత ఇరుగుపొరుగును పక్కపక్కనే సర్దారు. పాలబండి నేరుగా మూడో అంతస్తు గుమ్మం దాకా వచ్చేదనీ, పిన్ని మొదటి వారమంతా వేడినీళ్ల కుళాయి తిప్పి చూస్తూ ఉండేదనీ ఆయన చెప్పారు. హిల్స్‌బరో వైపు పెరిగినవాళ్లందరూ బాసెట్ మిఠాయి ఫ్యాక్టరీ వాసన, నీప్‌సెండ్‌లో స్టోన్స్ బీరు బట్టీ వాసన చెప్పారు. ఆ బట్టీ 1999లో మూతపడింది. వాసనలను ఏ ఆర్కైవ్సూ దాచలేదు, రికార్డింగులో ఉన్న ఆ నాలుగు వాక్యాలే ఆధారం.

అక్టోబరులో అన్నీ సర్ది, నవంబరులో అప్పగించాం. ఆర్కైవ్స్‌కు ఇవ్వాలంటే ముందు ఏమేమి ఉన్నాయో జాబితా పంపాలి, వాళ్లు చూసి ఏది కావాలో చెబుతారు. జవాబుకు మూడు వారాలు పట్టింది. ధ్వని ఫైళ్లు వేవ్‌లో, రాతప్రతి పీడీఎఫ్‌లో, ఒప్పంద పత్రాల అసలు ప్రతులు కాగితం మీద. బతికున్నవాళ్ల ప్రస్తావన ఉన్న భాగాలను కొన్నేళ్లు మూసి ఉంచమని అడగొచ్చు, అలాగే అడిగాం. ఇంకొకరి వెబ్‌సైట్లనుంచి దించిన లెక్కల పేజీలు తీసుకోరు, అవి ఎక్కడివో మాత్రం రాసి ఇవ్వాలి. ఖర్చు ధ్రువపత్రాలు, నకళ్లు, ప్రింట్లు, వేక్‌ఫీల్డ్ రైలు ఛార్జీలు అన్నీ కలిపి 150 పౌండ్ల లోపే. అందులో సగం ధ్రువపత్రాలకే.

మిగిలిపోయింది ఒకటుంది. 1939 రిజిస్టరులో మా ఇంటి కింద ఒక వరుస నల్లగా మూసి ఉంది. పుట్టి వందేళ్లు కానివాళ్లు, చనిపోయినట్టు నమోదు కానివాళ్ల వరుసలను అలా మూస్తారు. వయసునుబట్టి చూస్తే అప్పటికి బడికెళ్లే పిల్లో పిల్లాడో. వాళ్లు చనిపోయినట్టు రుజువు పంపితే ఆ వరుస తెరుస్తారు. కానీ పేరే తెలియనప్పుడు రుజువు ఎలా పంపడం? ఓటర్ల జాబితా 1945 నుంచి మళ్లీ మొదలవుతుంది. అదే ఇంటిపేరుతో 1940ల చివర్లో ఓటు వయసుకు వచ్చినవాళ్లెవరో ఆ జాబితాల్లో చూసి, ఆ పేరుతో మరణాల ఇండెక్సు వెతకాలి. ఇక మీదట చేయాల్సిన పని అదే.